కలిపా, విడివిడిగానా?

తగువు తీర్చమని ఎవరైనా మా గుమ్మం ఎక్కితే చాలు, మా ఆయన జోసెఫ్ మాస్టారికి ఒకటే సందేహం. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలా, విడివిడిగా కూర్చోబెట్టాలా? తగువు సంగతి తరవాత, ముందు ఇది తేలాలి. ముప్ఫై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను, ఇది తేలగా చూడలేదు.

ముందు కలిపి కూర్చోబెడతారు. గొంతులు లేవగానే ఇలా కాదని ఒకరిని హాల్లోనూ, ఇంకొకరిని నా వంటింట్లోనూ పెడతారు. కాసేపు అటూ ఇటూ తిరిగి, మోకాళ్ళు నొప్పెట్టి, మళ్ళీ కలిపేస్తారు. చివరికి పద్ధతి ఆలోచించి ఉంచుతాననీ, ఎల్లుండి రమ్మనీ అంటారు. వంటింట్లో కూర్చున్నవాళ్ళకి ఇడ్లీలు పెట్టాల్సింది మాత్రం నేను.

పోయిన అక్టోబరులో కొల్లేటికోట నుంచి పెద్దింటయ్య, దుర్గారాజు అనే అన్నదమ్ములు ఏలూరులో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ చిన్నప్పుడు ఈయన దగ్గర చదువుకున్నవాళ్ళే. వానకి మధ్య గట్టు తెగి, అన్న చెరువులో చేపలు తమ్ముడి చెరువులోకి పోయాయి. నా చేపలు నాకిమ్మంటాడు అన్న. ఏవి నీవో చూపించి పట్టుకుపొమ్మంటాడు తమ్ముడు. శీలావతి చేపకి ఇంటిపేరు ఉంటుందా?

గొడవ చేపలతో ఆగినా బాగుండేది. పది రోజుల్లో దుర్గారాజు కూతురు హారిక పెళ్ళి. తమ్ముడి గడప తొక్కనని పెద్దింటయ్య ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పిల్ల మా ఇంటికొచ్చి, "పెదనాన్న రాకపోతే నేను పీటల మీద కూర్చోనండీ" అని ఏడ్చేసింది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి కొంగుతో దాని కళ్ళు తుడిచాను. మా ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ, వాళ్ళని కలిపి పిలవనా, విడివిడిగానా అని ఆ పిల్లనే అడిగారు. నా చేతిలో గరిటె ఉంది. దేవుడే ఆపాడు.

నాలుగు వాయిదాలు వేశారు. పొద్దున్నే ఆ ఊరి నుంచి ఒకటే ఆటో, ఇద్దరూ అందులోనే పడి రావాలి. మొదటిసారి ఒకడు డ్రైవరు పక్కన, ఒకడు వెనక సీట్లో. ఈయన చాప ఇటు పరిచి, అటు పరిచి, మళ్ళీ ఎల్లుండి రమ్మనేవారు. పెళ్ళి ఆగిపోయేలా ఉందండీ మహానుభావా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. తొందరపడితే ఎలా మాణిక్యం అన్నారు.

ఐదోసారి అన్నదమ్ములు లోపలికే రాలేదు.

"మీకో దండమండీ మాస్టారూ" అన్నాడు పెద్దింటయ్య గుమ్మంలోంచే. "మీ చుట్టూ తిరిగే ఓపిక మాకు లేదు. రెండు చెరువులూ ఒకేసారి పట్టించి చెరిసగం తీసుకుంటాం. దారిలో మేమే అనేసుకున్నాం."

దుర్గారాజు శుభలేఖ చేతిలో పెట్టాడు. అయితే ఇంక పద్ధతి అక్కర్లేదా అని మా ఆయన దిగులుగా అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పెళ్ళిలో హారికని పీటల మీదికి తీసుకొచ్చింది పెద్దింటయ్యే. మేం భోజనాలకి కూర్చునేసరికి అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల మీద చేరి, మా ఆయన చాప పరిచే వైనం చేసి చూపిస్తూ చుట్టాలని నవ్విస్తున్నారు. ఆయన్ని నమ్ముకుంటే తగువు తేలేసరికి హారిక మనవలకి పెళ్ళిళ్ళయ్యేవని దుర్గారాజు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనంటే అనొచ్చు, వీళ్ళెవరు అనడానికి? నాలుగు కడిగేద్దామని లేచాను. మా ఆయన ఎడమచేత్తో నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఊరుకో మాణిక్యం. ఇంకొన్నాళ్ళు తిట్టుకోనీ. నన్ను తిట్టడానికైనా పక్కపక్కన కూర్చుంటున్నారు కదా" అని, నా విస్తట్లో లడ్డూ కూడా తీసుకున్నారు.