లెక్కపెట్టని ఊపిరి

సరిహద్దు మంచుకొండల్లోని ఆర్మీ పోస్టుకు చేరేసరికి పగలు పదకొండున్నర. ఎత్తు పదిహేడు వేల అడుగులు. చలి మైనస్ ఇరవై రెండు. మంచులో ఫైబర్ గుడిసెలు రెండు, వంటగది ఒకటి, మనుషులం తొమ్మిది మంది. నేను నర్సింగ్ అసిస్టెంటును. దగ్గర్లో డాక్టరు లేడు. నా పెట్టెలో స్టెతస్కోపు, వేలికి తగిలించే ఆక్సీమీటరు, కొన్ని మందులు. మూలన రెండు ఆక్సిజన్ సిలిండర్లు, మడత పెట్టిన గాలి సంచి ఒకటి. ఆ సంచి సంగతి తర్వాత చెప్తాను.

తొంభై రోజుల డ్యూటీ. రోజూ ఉదయం ఏడింటికి అందరినీ పరీక్షించి నాడి, ఊపిరి, ఆక్సిజన్ రిజిస్టరులో రాయాలి. మాది వనపర్తి దగ్గర పెద్దమందడి. పోస్టులో నాతో తెలుగు మాట్లాడేది ఒక్కడే, బల్మూర్ నుంచి వచ్చిన వంటవాడు. వాడి చాయ్ నీళ్లలా ఉండేది. అయినా వాడి మాట కోసం వంటగదిలోనే కూర్చునేవాణ్ని.

వాడు సెలవు నుంచి తిరిగొచ్చిన మూడో రోజు దగ్గుతూ నా ముందుకొచ్చాడు.

"ఏందిరా?"

"సర్దయింది అన్నా, గంతే. జర అల్లం చాయ్ తాగితే పోతది."

సర్ది. జలుబుకు మా అమ్మ అనే మాట. అదే దగ్గు ఏ పంజాబీ జవానో దగ్గి ఉంటే ఎప్పటి నుంచి, నడిస్తే ఆయాసమా, పడుకుంటే ఎక్కువా అని ఇరవై ప్రశ్నలు వేసేవాణ్ని. మనవాడు, మన మాట, ఇంకా అడిగేదేముంది? నాలుగు పొరల బట్టలు విప్పించడానికి బద్ధకించాను. చల్లబడ్డ వేలికి ఆక్సీమీటరు అంకె చూపించలేదు. మళ్లీ పెట్టలేదు. ఊపిరి గడిలో మామూలు అంకె, నిమిషానికి పద్దెనిమిది అని రాశాను. లెక్కపెట్టకుండా రాశాను.

ఇప్పుడు వనపర్తిలో నేను పాఠం చెప్పే నర్సింగ్ పిల్లలు కూడా వార్డులో అందరికీ ఒకే అంకె వేసుకొస్తారు. మొదటి వారమే పట్టేస్తాను. ఎట్లా తెలిసింది సార్ అంటారు. వాచీ చేతికిచ్చి మళ్లీ లెక్కపెట్టమంటాను.

మర్నాడు ఉదయం వంటగది నుంచి మా గుడిసెకు ఇరవై అడుగులు వేయడానికి వాడు మూడుసార్లు ఆగాడు. పెదవులు నీలం. అప్పుడు విప్పాను అన్ని పొరలూ. స్టెతస్కోపు వీపు మీద, కుడివైపు కింద పెడితే, వెంట్రుకలు చెవి దగ్గర నలిపినట్టు చప్పుడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వాచీ చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

రేడియో ఆపరేటరు హెలికాప్టర్ అడిగాడు. జవాబు వచ్చింది: "మంచు తుఫాను. ఎగరడం కుదరదు. ఉన్నచోటే చూసుకోండి."

పోస్ట్ కమాండర్ నా వైపు తిరిగాడు. "నిన్న చూశావు కదా?"

"చూశాను సార్."

గాలి సంచి అంటే మనిషి పడుకునేంత గొట్టం. జిప్పు వేసి బయట నుంచి కాలితో పంపు తొక్కితే లోపల ఒత్తిడి పెరిగి, మనిషి కొన్ని వేల అడుగులు కిందికి దిగినట్టవుతుంది. ముఖం దగ్గర అరచేయంత కిటికీ ఉంటుంది.

"అన్నా, గిండ్ల నాకు ఊపిరాడదు."

"బయటనే ఆడుతలేదురా. జర లోపట పండుకో."

జిప్పు వేశాను. వంతులవారీగా తొక్కాం, ఆపడానికి లేదు. తలుపును మంచు మూసేసింది. వాడు సంచిలో, మేము గుడిసెలో, కదిలే దారి ఎవరికీ లేదు. స్టెతస్కోపు అందదు. కిటికీ మీద వాడి ఊపిరి ఆవిరి పట్టేది, పోయేది. దాన్నే లెక్కపెట్టాను, ప్రతి పావుగంటకూ. ముప్పై ఆరు. ముప్పై ఏడు. మందు కోసం తెరవడం, మళ్లీ మూయడం. ఇరవై తొమ్మిది. మూడో రోజు ఉదయం తొమ్మిది నలభైకి హెలికాప్టర్ దిగింది. వాడు బతికాడు.

డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చాక బల్మూర్ వెళ్లాను. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు చూసినవ్ గనుకనే నా కొడుకు పానంతోటి వచ్చిండు బిడ్డా."

వాడు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఆ రోజు లెక్కపెట్టకుండా రాశానని చెప్పాలనే వెళ్లాను. వాడు బాగున్నాడు కదమ్మా అని మాత్రం అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఏటా పిలుస్తారు. పోతాను, తింటాను, చెప్పకుండా తిరిగొస్తాను. వాడు ఇది చదువుతాడు. చదవాలనే రాశాను.

ఎవరు నాకు దండం పెట్టినా ఆ సంచి కిటికీయే కనిపిస్తుంది. దాని మీద ఆవిరి పడుతుంది, పోతుంది. మళ్లీ పట్టేదాకా నాకు ఊపిరాడదు.