గోడకు తగలని బొమ్మ

2022లో నేను ఆళ్లగడ్డలోని ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరును, కంప్యూటర్ ల్యాబు ఇన్‌చార్జిని. నంద్యాల నుంచి బెలుం గుహల దాకా నా అంత కోడింగ్ వచ్చిన మాస్టరు లేడని చెప్పుకునేవాణ్ణి. నిజమేమిటంటే, ఆ ల్యాబు తాళంచెవి తీసుకోమంటే మిగతా మాస్టర్లెవరూ తీసుకోలేదు.

ల్యాబులో నేర్పేది కంప్యూటేషనల్ థింకింగ్. పేరుకే పెద్దది. పెద్ద పనిని ముక్కలుగా విడదీస్తే డీకంపొజిషన్, ఆ ముక్కల్ని వరుసలో పెడితే అల్గారిథం, నడిపి చూసి తప్పు పట్టుకుని దిద్దుకుంటే డీబగ్గింగ్. మొదటి రెండూ బాగానే చెప్పాను. మూడోదాన్ని పిల్లల కంట పడనివ్వలేదు. ముందురోజు ఇంట్లో నానా తంటాలు పడి ప్రోగ్రాం రాసుకుని, మరునాడు అప్పుడే తోచినట్టు చకచకా రాసేవాణ్ణి. రన్ నొక్కితే మొదటిసారే నడిచేది. పిల్లలు నోరు తెరిచేవారు. నాకు మహా సంబరం.

తొమ్మిదో తరగతి ఈశ్వరి నన్ను నిజంగా నమ్మింది. వాళ్ల నాయన బ్రహ్మయ్య ఆచారికి రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు ఉంది. అక్కడ ఉలి జారి విగ్రహం ముక్కు లేచిపోతే అతికించరు. భిన్నమైన విగ్రహానికి పూజ ఉండదు కాబట్టి ఆ రాయి పక్కన పడేయాల్సిందే. ఆ పిల్ల మౌస్‌ను కూడా ఉలి పట్టినట్టే పట్టేది. పీరియడంతా తెరవైపు చూస్తూ కూర్చుని, చివర్లో ఒక్కసారి రన్ నొక్కేది. తప్పుండేది కాదు. "చూడండ్రా, ఈశ్వరి మాదిరి ఉండాల" అని తక్కినవాళ్లను దెప్పేవాణ్ణి.

ఆ ఏడాది నంద్యాలలో కోడింగ్ శిక్షణకు ఎంపిక పరీక్ష పెట్టారు. ఈశ్వరిని పంపమని అడగడానికి షెడ్డుకు వెళ్లాను. ఆచారి ఉలి ఆపకుండానే అన్నాడు:

"దీనికి ఆ చదువు వచ్చునో రాదో తేల్చుకోని రాండి సార్. వస్తాదంటే టెన్త్ అయినాక ఆ దావనే పంపిస్తా. రాదంటే ఈడ పాలిష్ పట్టేకి మనుషులు లేరు."

"నీ కూతురు ఫస్టు రాకపోతే మీసం తీయించుకుంటానప్పా."

"మీకు మీసం యాడుంది సార్?"

నంద్యాల పరీక్షలో ఇచ్చిన పని ఇది. తెర మీది బొమ్మకు దారి చెప్పి అవతలి తలుపు చేర్చాలి. మధ్యలో గోడలున్నాయి, కానీ బొమ్మ తగిలితేనే గోడ కనిపిస్తుంది. తగలాలి, చూసుకోవాలి, దారి మార్చాలి. చుట్టూ పిల్లలు బొమ్మల్ని ధనాధన్ గోడలకు కొట్టి నవ్వుకుంటున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు ఈశ్వరి తెర కనిపిస్తోంది. బొమ్మ మొదట్లోనే ఉంది. ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తోంది. టైం అయిపోయేదాకా అంతే.

తిరుగు బస్సులో అడిగాను. "ఏం పాపా, ఒక్కసారన్నా రన్ నొక్కకపోతివే?"

"గోడలు యాడుండాయో తెలీలేదు సార్."

"తగిలితే తెలుస్తాయి గదా."

"తగిలితే తప్పు గదా సార్. మీరు ఎప్పుడన్నా తగిలిచ్చినారా?"

ఇంట్లో రోజూ నా పని అదే. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

షెడ్డుకు వెళ్లి ఆచారికి సంగతి చెప్పాను. "సరేలే సార్, రాదని తేలిపాయె" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "ప్రశ్న కష్టంగా ఇచ్చినారప్పా" అన్నాను. టెన్త్ పాసయ్యాక ఈశ్వరి షెడ్డులోనే ఆగిపోయింది.

పిల్లలకు ఈ కంప్యూటేషనల్ థింకింగ్ రావాలంటే మంచి కంప్యూటర్లు కావాలి, ఇంట్లో చదువుండాలి అని మీటింగుల్లో ఉపన్యాసాలు దంచేవాణ్ణి. ఎదురుగా ఒక మాస్టరు తప్పు చేయడం కూడా కావాలని ఎక్కడా అనలేదు. నా చివరి ఏడాది మాత్రం ప్రతి ప్రోగ్రామూ తరగతిలోనే తప్పులు చేస్తూ రాశాను. పిల్లలు పకపకా నవ్వి, నాకంటే ముందే తప్పు పట్టుకునేవారు.

రిటైరయ్యాక షెడ్డుకు వెళ్లి ఈశ్వరికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల నంది వీపు మీద నీళ్లు చల్లి పాలిష్ రాయితో రుద్దుతోంది.

"అంటే మీక్కూడా తప్పులొచ్చేవా సార్?"

"రోజూ వచ్చేవి పాపా."

చెయ్యి ఆగింది. "ఒగటన్నా మాకు చూపిచ్చింటే సరిపోయేది గదా సార్" అని, మళ్లీ నీళ్లు చల్లుకుంది.

మాస్టరుకు ఇంతకంటే సులువైన పని ఉండదు. నేను అదే చేయలేదు.