వినపడలేదన్న వకీలు

2019. మిరుగం కార్తె పోయింది గని వానలు సరిగ పడలే, నల్లగొండల ఉక్కపోత. గడియారం సెంటర్ దగ్గర ఒక మందుల దుకాణం మీది అంతస్తుల నా క్లినిక్. క్లినిక్ అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. రెండు అర్రలు. ముందటి దాంట్ల నాలుగు కుర్చీలు. లోపలి దానికి గోడల నిండ స్పాంజి కొట్టించిన, బయటి హారన్లు లోపలికి రావద్దని. నేను ఆడియాలజిస్టును. అంటే చెవి ఎంత వింటదో కొలిచి, వినపడనోళ్లకు మిషన్ పెట్టి, దాన్ని వాళ్ల చెవికి సరిపోయేటట్టు చేసే మనిషిని. మిషన్ అమ్ముడు ఒక్క పూట పని. సరిచేసుడు మాత్రం తెగని పని.

జనానికి గిదే తెల్వదు. కండ్లద్దాలు పెట్టుకుంటే ఆ నిమిషంలనే అక్షరం కనపడుతది కద, చెవి మిషన్ కూడ గట్లనే అనుకుంటరు. కాదు. ఏండ్లకేండ్లు చప్పుడు మరిచిన చెవి మీద ఒక్కసారే ఫ్యాను, కుక్కరు, గిన్నెలు, మోటర్ సైకిళ్లు అన్నీ వచ్చి పడుతయి. మనిషి బెదురుతడు. నెల తిరగకముందే మిషన్ తీసి సందుగ పెట్టెల పెడుతడు. మా బాపు గట్లనే పెట్టిండు. మగ్గం నేసి నేసి చెవులు పోగొట్టుకున్న మనిషి, కన్న బిడ్డ పెట్టిన మిషన్ కూడ పెట్టుకోలే. ఇగ ఊరోళ్లను నేనేమంట.

ఖాజా చాచా మాత్రం సందుగల పెట్టే రకం కాదు. సరైందాక నన్ను వదలలే, నేను ఆయనను వదలలే.

ఆయనకు నకిరేకల్ల గాజుల దుకాణం ఉండె. అరువై దాటిన మనిషి. తెల్ల గడ్డం, ఇస్త్రీ మడత చెదరని లాల్చీ. చెవి గుంతల ఇమిడిపోయే చిన్న మిషన్ ఒకటి హైదరాబాద్‌ల ఎవరి దగ్గర్నో కొనుక్కున్నడు. సరిగ లేదని పోయినప్పుడల్ల "అలవాటైతది పెద్దాయనా" అని తిప్పి పంపిండ్రట. మా పనిల నాకు ఒళ్లు మండే మాట ఏదన్న ఉందంటే గదే. చెప్పు కరిస్తే అలవాటైతదని కుంటుకుంట తిరుగుతమా?

"మొగోళ్ల మాట వినపడుతది బేటీ. బస్సు వినపడుతది. ఆడోళ్లు మాట్లాడితేనే పెదవులు ఆడుతయి గని మాట రాదు," అన్నడు. "నా దుకాణానికి వచ్చేటోళ్లంత ఆడోళ్లే."

వెంట వచ్చిన ఆయన భార్య ఖైరున్ చాచీ అందుకున్నది. "ఇంట్ల నేను మొత్తుకున్నా పలకడు. మిషన్ పెట్టినా గంతే, పెట్టకున్నా గంతే. మంది నవ్వుతున్నరు."

లోపల కూసోబెట్టి ఆడియోగ్రామ్ తీసిన. లావు చప్పుడు నుంచి సన్న చప్పుడు దాక, ఏది ఎంత గట్టిగ ఉంటే మనిషి వింటడో గీసే గీత అది. ఆయన గీత లావు చప్పుళ్ల కాడ మంచిగనే నడిచి, సన్న చప్పుళ్ల కాడికి రాంగనే బాయిల దిగినట్టు దిగిపోయింది. ఆడోళ్ల గొంతులు, పిల్లల గొంతులు, స, ష అసుంటి అక్షరాలు అన్నీ ఆ దిగిపోయిన కాడనే ఉంటయి. ఆయన ఊకె అంటలేడు, ఉన్నదే చెప్పిండు.

"నిదానంగ చేద్దాం చాచా. ఒక్కసారే పెంచితే చెవి తట్టుకోదు," అని దగ్గరికి జరిగి గట్టిగ అన్న.

"నిదానంగ కుదరదు. బక్రీద్ అయినంక, మొహర్రం నెల ఎక్కకముందే మా నస్రీన్ నికా ఉంది."

నస్రీన్ ఆయన తమ్ముని బిడ్డ. తమ్ముడు పోయేటప్పటికి పిల్లకు సరిగ మాటలు కూడ రాలేదట. అప్పటి నుంచి ఖాజా చాచానే, ఆ పిల్ల బడే అబ్బా అని పిలిచే పెద్దనాయననే, సాదిండు. నికాల ఆయననే వకీలు. వకీలంటే కోర్టు వకీలు కాదు. పెండ్లికొడుకు నికా చదివించే ఖాజీ ముందట మొగోళ్ల దిక్కు కూసుంటడు, పెండ్లిపిల్ల ఆడోళ్ల దిక్కు ఇంకో అర్రల ఉంటది. వకీలు ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకొని పిల్ల దగ్గరికి పోయి, ఈ సంబంధం నీకు ఖబూలేనా అని అడగాలె. పిల్ల ఒప్పుకున్న మాట తన చెవులతోటి విని, వచ్చి ఖాజీకి చెప్పాలె.

"దానిది మొదలే సన్న గొంతు. ముసుగు వేసుకొని, తల వంచుకొని అంటది. చుట్టుముట్టు మంది. నాకు వినపడకుంటే?" అన్నడు చాచా.

"సాక్షులు ఇద్దరు ఉంటరు కద."

"వాళ్ల చెవులు వాళ్లయి. విన్న అని నేను చెప్పాలె గద బేటీ. విననిది విన్నట్టు అల్లా ముందట ఎట్ల చెప్పాలె?"

ఆ పిల్ల మేనమామ అప్పటికే అంటున్నడట: భాయ్‌కు వినపడదు, పెండ్లిల నలుగురి ముందట పరేషాన్ ఎందుకు, వకీలుగ నేను నిలబడుత అని. ఆ సంగతి చాచీనే చెప్పింది. చెప్తుంటే చాచా కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నడు. ఆ మాట మటుకు ఆయనకు మంచిగ వినపడ్డదని నాకు అర్థమైంది.

ఇగ మొదలైంది మా ఇద్దరి తిప్పలు. మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపి సన్న చప్పుళ్ల గెయిన్ పెంచిన. గెయిన్ అంటే లోపలికి వచ్చిన చప్పుడును మిషన్ ఎంత పెద్దగ చేసి చెవికి అందియ్యాలన్న లెక్క. ఎక్కువ పెంచితే మిషన్ కుయ్యిమని ఈల వేస్తది. తగ్గిస్తే మాట మాయమైతది. ఈ రెండింటి నడుమ ఎక్కడనో ఒక సన్న జాగా ఉంటది, దాన్ని పట్టాలె. మిషన్ శుభ్రంగ తుడిచి, ఆయన వెనుక నిలబడి, నోటికి అట్ట అడ్డం పెట్టుకొని మెల్లగ అన్న: సజ్జ. సీసా. చెప్పు. సున్నం. ఒక్కటి కూడ తప్పకుండ తిరిగి చెప్పిండు. చాచీ మొఖం వెలిగింది. నేను కూడ మంచి పని చేసిన అని మురిసిన.

శనివారం చాచీ ఫోన్. "నిన్న మల్ల గంతే అమ్మా. దావత్‌కు పోతే ఎవ్వరేమన్నా తల ఊపుకుంట కూసున్నడు."

మల్ల వచ్చిండ్రు. మల్ల తుడిచిన, మల్ల సరిచేసిన, గదిల మల్ల అన్నీ విన్నడు. ఇంటికి పోయినంక శుక్రవారం, జుమ్మా నమాజ్ రోజు, మల్ల గంతే. మంది చప్పుడు ఎక్కువైతుందేమోనని నాయిస్ రిడక్షన్ మార్చిన, అంటే రణగొణ తగ్గించి మాటను పైకి తెచ్చే ఏర్పాటు. చెవిల వదులైందేమోనని కొలత తీసి కొత్త తొడుగు చేయించిన. బ్యాటరీ మార్చిన. తేమనేమోనని ఆరబెట్టే డబ్బా ఇచ్చిన. నా దగ్గర బంగారం లెక్క పనిచేసే మిషన్ నకిరేకల్ పోంగనే ఎందుకు మొండికేస్తుందో నాకు సమజ్ కాలే.

నాకు భయం పట్టుకున్నది. మిషన్ సరిగ రాకుంటే ఇంకోటి పెట్టొచ్చు. నికా రోజు ఇంకోటి రాదు కద. ఆయన నోరు తెరిచి నాకు వినపడలే అన్నడనుకో, ఇంత మందిల ఇజ్జత్ పోతది. వినపడకున్నా విన్న అన్నడనుకో, బతికినన్నాళ్లు అది ఆయనను తింటది. అబద్ధమాడి నిమ్మళంగ నిద్రపోయే మనిషి కాదు ఆయన. బక్రీద్ దగ్గరపడ్డకొద్దీ నాకు అన్నం సయించలే. మా ఆయన నవ్విండు. "నీ చెల్లె పెండ్లికి కూడ గింత ఫికర్ చెయ్యలే నువ్వు."

ఆఖరికి మిషన్ నా దగ్గరికి వచ్చుడు కాదు, నేనే దాని దగ్గరికి పోవాలె అనుకున్న. ఒక శుక్రవారం కంప్యూటర్ సంచిల పెట్టుకొని నకిరేకల్ బస్ ఎక్కిన. చాచీ దుకాణంల కూసోబెట్టి చాయ్ ఇచ్చింది. చాచా నమాజ్ చదువుకొని వచ్చిండు. ఆయన కన్న ముందు ఇత్తరు వాసన వచ్చింది. వచ్చి నా పక్కన కూసున్నడు. నేను సలాం అన్న, ఆయనకు వినపడలే. చెవి దిక్కు చూసిన.

చెవి పై మడతల, మిషన్‌కు సరిగ్గ మీద, ఇత్తరుల ముంచిన దూది ఉండ.

"చాచా, గిదేంది?" అని చెయ్యి పెట్టి చూపిచ్చిన.

"ఇత్తరు దూది. జుమ్మాకు, పండుగకు, దావత్‌కు పెట్టుకుంట. చిన్నప్పటి సంది అలవాటు."

"మరి నా దగ్గరికి ఏ ఒక్కనాడు పెట్టుకొని రాలే?" అని గొంతు పెంచి అడిగిన.

ఆయన నా దిక్కు వింతగ చూసిండు. "చెవుల డాక్టర్ దగ్గరికి చెవిల దూది పెట్టుకొని వస్తరా ఎవరన్న?"

నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వలే. మిషన్ మీద సూది మొనంత బెజ్జం ఉంటది, అదే మైక్. చప్పుడు లోపలికి పోయే తొవ్వ అదొక్కటే. దూది దాన్ని మూసింది. ఉక్కకు ఇత్తరు నూనె జారి బెజ్జంల జిడ్డు గట్టింది. నేను తుడిచి పంపిన నాడు మంచిగ ఉంటుండె, జుమ్మా రాంగనే మూసుకపోతుండె. అవతల పెండ్లి నాడు ఇంకింత దూది పెట్టుకొని, ఇంకింత ఇత్తరు పూసుకొని పోయేటోడే ఈ మనిషి.

"పెండ్లికి ఇత్తరు లేకుండనా?" అని ముఖం చిన్నగ చేసుకున్నడు.

"లాల్చీకి పూసుకో, చేతులకు పూసుకో, గడ్డానికి పూసుకో. చెవి మాత్రం నాకు ఇడిసిపెట్టు," అన్న.

మైక్ మీది జాలీ మార్చి, ఇన్ని రోజులు అటు ఇటు తిప్పిన లెక్కలన్నీ తీసేసి, మొదటి నుంచి సరిచేసిన. గాజులు కొననీకి వచ్చిన ఆడోళ్ల మాటల నడుమనే కూసోబెట్టి చేసిన. వినపడుతుందన్నడు. నాకు మాత్రం నమ్మకం కుదరలే. ఇన్నిసార్లు మోసపోయినంక ఎట్ల కుదురుతది?

నికాకు నన్ను పిలిచిండ్రు, పోయిన. పగటిపూట, నకిరేకల్ల ఫంక్షన్ హాలు. ఆడోళ్ల అర్రల నస్రీన్‌కు చెయ్యి చాపితే అందే అంత దగ్గర కూసున్న. చేతి సంచిల బ్యాటరీలు, మిషన్ తుడిచే బుర్సు. బయట జనరేటర్, లోపల వీడియో ఆయన, పిల్లల ఏడ్పులు, గాజులు. ఈ చప్పుడుల నాకే నా మాట వినపడుతలే. నస్రీన్ ఎర్ర ముసుగుల తల వంచుకొని కూసున్నది.

ఖాజా చాచా వచ్చిండు. ముందు చెవి చూసిన, దూది లేదు. వెనుక సాక్షులు ఇద్దరు తలుపు కాడ నిలబడ్డరు. చాచా పిల్ల ముందట వంగి, పెండ్లికొడుకు పేరు చెప్పి, పిల్లకు ఇచ్చే మెహర్ ఎంతో చెప్పి, "నీకు ఖబూలేనా బిడ్డా?" అని అడిగిండు.

ముసుగు కదిలింది. చుట్టూ ఉన్న ఆడోళ్లు ఒక్కతీరుగ అందుకున్నరు. "అన్నది, అన్నది. పోండ్రి ఇగ." ఎవరో నవ్విండ్రు. సాక్షులు తలూపి వెనుకకు తిరిగిండ్రు.

చాచా కదలలే. "నాకు వినపడలే," అన్నడు.

అయిపోయింది అనుకున్న. తలుపు కాడి నుంచి మేనమామ గొంతు: "నేను ముందే చెప్పిన కద." చాచీ నా దిక్కు చూసింది. సంచిల చెయ్యి పెట్టుకుంట నేను లేవబోయిన. చాచా నన్ను చూసి చెయ్యి అడ్డం ఊపిండు.

"మిషన్ మంచిగుంది బేటీ. నువ్వు కూసో."

ఒక ముసలామె సర్దిచెప్పబోయింది. "ఆడపిల్ల సిగ్గుతోటి ఊకున్నా ఒప్పుకున్నట్టే భాయ్."

"ఒప్పుకున్నట్టు వేరు, ఒప్పుకునుడు వేరు. నాకు మాట కావాలె," అన్నడు. అని, కొత్త బట్టలతోటే కింద కూసున్నడు. "జర అందరు ఊకోండ్రి." ఆ మెత్తటి మనిషి అంత గట్టిగ మాట్లాడంగ నేను ఎన్నడు వినలే. అర్రంత నిమ్మళమైంది. ముసుగు దగ్గరికి జరిగి అడిగిండు. "ఇష్టం లేకుంటే చెప్పు బిడ్డా. బయటికి పోయి నేను మాట్లాడుకుంట. నీకేం భయం లేదు."

ముసుగు లోపల వెక్కిళ్లు. ఆ వెక్కిళ్ల నడుమనే మాట వచ్చింది.

"ఇష్టమే బడే అబ్బా. నన్ను అననిస్తలేరు. నేను నోరు తెరవకముందే అందరు అన్నది, అన్నది అంటున్నరు."

ఎవ్వరు నవ్వలే. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, గొంతు సవరించుకొని, తన మాట తాను అన్నది. "ఖబూల్ హై." పక్కన కూసున్న నాకే సన్నగ వినపడ్డది.

"విన్న," అన్నడు చాచా. లేచి, కండ్లు తుడుచుకొని, ఖాజీ దగ్గరికి పోయిండు.

ఆ అర్రల చెవులు మంచిగున్నోళ్లం అంత మందిమి ఉంటిమి. ఆ పిల్ల అనని మాట మా అందరికి వినపడ్డది. వినపడలేదన్నది ఆయన ఒక్కడే. ఇన్నేండ్లు చదివి, చెవులు కొలిచి బతికే నేను కూడ ముందు ఆయన చెవినే అనుమానించిన.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, జుమ్మాకు తయారైనట్టు, పొలం పోయినట్టు, దుకాణంల కూసున్నట్టు, ఇంటికాడ ఎట్లుంటే గట్లనే రమ్మంట. గది ఈ కేసు నాకు నేర్పిన వృత్తి పాఠం. రెండోది వృత్తికి సంబంధించింది అవునో కాదో తెల్వదు. ఇంటోళ్లు మనిషిని పట్టుకొచ్చి, ఈయనకు ఏం చెప్పినా వినపడదమ్మా అంటే, మిషన్ విప్పకముందు ఒక్కటి అడుగుత.

"మీరు ఆయనకు చెప్పిండ్రా, చెప్పినమని అనుకున్నరా?"