మా చిన్నత్త 'లుక్' చదువు

మొన్న మా అమ్మాయి ఏదో పోటీపరీక్షకి చదువుకుంటూ, "అమ్మా, లుక్ అన్న ఒక్క మాట పక్కన ఏది చేరిస్తే దానికో అర్థవా? ఎలా గుర్తుంటాయే ఇవన్నీ!" అని పుస్తకం మూసేసింది. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఆ మాట దగ్గరే తల పట్టుక్కూచున్న మనిషిని నేను తొంభైల్లో మా ఇంట్లోనే చూశాను.

ఆవిడ మా చిన్నత్త, నాన్నగారి చెల్లెలు. అమలాపురం పక్కన కాలవగట్టు మీది ఊరు మాది. నాన్నగారు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఊరందరి పిల్లల్నీ ఇంగ్లీషులో గట్టెక్కించేరు గానీ, ఇంట్లో చెల్లెలి ఇంటరు మాత్రం ఆ ఇంగ్లీషులోనే మునిగింది. చదువుకునే వీలేదీ పాపం? నాయనమ్మ పక్షవాతంతో మంచాన పడితే, తిప్పి పడుకోబెట్టడం దగ్గర్నుంచి తల దువ్వి, పక్కన కూర్చుని ప్రార్థన చెప్పించేదాకా అన్నీ చిన్నత్తే. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కాఫీ తాగి, "మరి పెద్దావిడ సంగతేవిటండీ?" అనేవారు. వాళ్లు మళ్లీ కబురు చేసేవారు కాదు. అలా ఏళ్లు గడిచి నాయనమ్మ వెళ్లిపోయేసరికి చిన్నత్తకి ముప్పైనాలుగు. మంచం ఖాళీ అయ్యాక ఆవిడకి చేతులతో ఏం చెయ్యాలో తెలిసేది కాదు, మడతపెట్టిన దుప్పట్లే విప్పి మళ్లీ మడతపెట్టేది. "ఇంకేవుంది, మనతోనే ఉంటుంది" అనేసుకున్నాం మేవంతా. చిన్నత్త మాత్రం అలా అనుకోలేదు.

రాజమండ్రిలో ఓ పిల్లల హాస్టల్లో ఉద్యోగం ఉందని విని తనంతట తనే వెళ్లింది. అక్కడి మేడంకి తెలుగు రాదు. "విల్ యు లుక్ ఆఫ్టర్ ద చిల్డ్రన్?" అందిట. లుక్ అంటే చూడు, ఆఫ్టర్ అంటే తర్వాత. పిల్లల్ని తర్వాత చూస్తావా అంటే ఏ మనిషి ఒప్పుకుంటుందండీ? "నో మేడం, లుక్ నౌ!" అందిట గట్టిగా. గదిలో అందరూ ఘొల్లున నవ్వేరు, ఆ ఉద్యోగం రాలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే మేవూ నవ్వేం. ఆ పూట చిన్నత్త కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచిపోయింది.

మర్నాటి నుంచి నాన్నగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని పాఠం మొదలెట్టేరు. లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఇంటూ అంటే విచారించడం, ఇంకా ఏవిటేవిటో. "ఒక్క చూపుకి ఇన్ని వేషాలేవిటన్నయ్యా! మన తెలుగే నయం, చూడు అంటే చూడటవే" అని విసుక్కుంది చిన్నత్త. ఆ విసుగులోనే పొయ్యి మీది చేపల పులుసు కలిపి, కాస్త నా అరచేతిలో వేసి, "ఉప్పు చూడవే" అంది. అని, ఆగిపోయింది.

"అన్నయ్యా, ఉప్పు కంటితో చూస్తావేటి?"

ఇంక అన్నాచెల్లెళ్లిద్దరికీ పండగే. డాక్టరు నాడి చూస్తాడు, పెద్దలు సంబంధం చూస్తారు, పిల్లల అల్లరి చూసీచూడనట్టు ఊరుకుంటాం. లుక్ డౌన్ అంటే చిన్నచూపు, లుక్ ఫార్వర్డ్ అంటే ఎదురుచూపు. "ఇవన్నీ నాకొచ్చినవేగా! ఆ ముక్క ముందే చెప్పవేం?" అని నాన్నగారిమీద విరుచుకుపడింది. "మరి లుక్ ఆఫ్టర్?" అని అడిగింది చివరికి. "చూసుకోవడం" అన్నారు నాన్నగారు.

చిన్నత్త గరిటె పక్కన పెట్టింది. "నన్ను చూసుకోడానికొచ్చినోళ్లు చాలామందే గానీ అన్నయ్యా, నన్ను చూసుకునేవాడే రాలేదు" అంది. నవ్వుతూనే అంది. నాన్నగారే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కొన్నాళ్లకి కాకినాడలో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్ నుంచి పిలుపొచ్చింది. డిగ్రీ చదువుతున్న నేను తోడెళ్లాను. అప్పటికింకా వంతెన లేదు. ఎదుర్లంకలో పంటెక్కి గోదావరి దాటుతున్నంతసేపూ చిన్నత్త పెదాలు కదులుతూనే ఉన్నాయి. పాఠమో, ప్రార్థనో నేను అడగలేదు.

ఇంటర్వ్యూ చేసింది కేరళ నుంచి వచ్చిన ఓ పెద్ద సిస్టర్. తలుపు తీసే ఉంది. ఈ ఉద్యోగం ఎందుకు కావాలని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. నేర్చుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయినట్టున్నాయి, చిన్నత్త ఓసారి బయట కూర్చున్న నాకేసి చూసింది. అప్పుడు మెల్లిగా, "ఐ లుక్ ఆఫ్టర్ మై మదర్. మెనీ ఇయర్స్. నౌ షి ఈజ్ నో మోర్" అంది. ఆగి, "సిస్టర్, ఐ యామ్ లుకింగ్ ఫర్ సంబడీ టు లుక్ ఆఫ్టర్" అంది.

ఆ వాక్యం నాన్నగారు నేర్పింది కాదు. సిస్టర్ చేతిలో కలం బల్లమీద పెట్టేసి, సోమవారం నుంచి రాగలవా అని అడిగింది. చిన్నత్తకి ఇంగ్లీషు మళ్లీ ఎటుపోయిందో, "ఆయ్!" అంది. సిస్టర్‌కి అర్థవైపోయింది.

ఆ తర్వాత ఎన్నేళ్లో ఆ హాస్టలే చిన్నత్త ఇల్లయింది. కాట్రేనికోన, ఓడలరేవు వైపు నుంచి ఏడుస్తూ వచ్చి చేరిన పిల్లలు, వెళ్లేటప్పుడు ఆవిణ్ణి వదల్లేక ఏడ్చేవారు. కొందరు నర్సులయ్యేరు, టీచర్లయ్యేరు. ఆవిడ సెలవులకి ఇంటికొస్తే, పురుడు పోసుకుని పిల్లని ఆవిడ ఒళ్లో పెట్టడానికి మా ఊరు దాకా వచ్చినవాళ్లున్నారు. ముప్పైనాలుగేళ్లకే మేం ఆవిడ బతుకు తెల్లారిపోయిందనుకున్నాం. ఆ వయసు దాటి నేనిప్పుడు చాలా దూరం వచ్చేశాను. ఇక్కణ్ణుంచి చూస్తే అది ఇంకా ఎండైనా ఎక్కని పొద్దున్నపూట.