ఏడు నీళ్ళ సీసా

మా ల్యాబ్‌లో సీసాలు కడిగి, బ్యాక్టీరియాకి తిండి కలిపే ఆవిడని అందరం పిన్ని అనేవాళ్ళం. సబ్బుతో తోమిన సీసాకి ఏడు నీళ్ళు పోస్తే గానీ వదిలేది కాదు. ఆవిరి కమ్మిన ఆ చిన్న గది, తడి నేల, ఒకటీ రెండూ అంటూ పైకి వినిపించే ఆవిడ లెక్క, తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది.

నా పరిశోధన అర్జినిన్ అనే అమైనో ఆమ్లం మీద. ప్రోటీన్లు కట్టుకోవడానికి కావాల్సిన ఆ సరుకుని మామూలు బ్యాక్టీరియా తనే తయారు చేసుకుంటుంది. బయటినుంచి అందిందంటే మాత్రం తన పని ఆపేస్తుంది. ఇది చెబితే పిన్ని నవ్వి, పెట్టకపోతే వండుకుంటాయన్నమాట, మా ఆయన కంటే నయమే అంది.

నా దగ్గరున్నవి ఆ విద్య పోగొట్టుకున్న రకం. అర్జినిన్ లేని పళ్ళేల్లో వేసి, ఒక్కటైనా ఆ విద్యని మళ్ళీ సంపాదించుకుంటుందేమోనని ఏడాదిగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాను. పరిశోధన ముగించాల్సిన గడువు ఇంక రెండు నెలలే ఉంది. ఓ రోజు ఖాళీ సీసాలు లేవు. అప్పటిదాకా అర్జినిన్ ద్రావణం ఉన్న సీసానే పిన్ని కడుగుతోంది. రెండో నీళ్ళకే, చాల్లే పిన్నీ అని లాక్కున్నంత పని చేశాను. అందులోనే అర్జినిన్ లేని తిండి కలిపించి పళ్ళేల్లో పోశాను.

మూడోరోజుకి పళ్ళేలన్నిటా బ్యాక్టీరియా పొరలా పరుచుకుంది. నేను గాల్లో తేలిపోతూ, నా పరిశోధన చూసే సారుని పిలిచాను. ఆయన ఒక్క చూపు చూసి, ఇన్ని ఒకేసారి బాగుపడవు, ఎక్కడో అర్జినిన్ కలిసింది, సీసా ఎవరు కడిగారు అన్నారు. పిన్ని నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"ఏడు నీళ్ళు పొయ్యలేదు సార్. నాదే తప్పు" అంది.

ఆవిణ్ణి స్టోరు గదికి మార్చారు. ముప్ఫై ఏళ్ళు సీసాలు కడిగిన చెయ్యి అట్టపెట్టెలు సర్దడానికి దిగింది. నాకు అన్నం సయించలేదు. పదోరోజున వెళ్ళి, ఎందుకలా నా తప్పు నెత్తినేసుకున్నావని ఏడ్చాను.

"అన్నీ అందిస్తే సొంతంగా చేసుకోవడం మానేస్తాయని నువ్వే చెప్పావుగా. నీకు సీసాలు అందించాను, సాకు కూడా అందించాను. ఇంక అందించలేనమ్మా" అంది, పెట్టెల మీంచి తల ఎత్తకుండానే.

అక్కణ్ణుంచి తిన్నగా సారు గదికి వెళ్ళి తలుపు తట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆ ఆవిరి గదిలోంచి పిన్ని లెక్క వినిపించింది. ఏడు దాకా విని, లోపలికి వెళ్ళి రెండో సీసా కడగడానికి నేను అందుకున్నాను.