కొట్టేయమన్న అంకె

రెండు వేల ఇరవై మూడు, ఏప్రిల్ నెల. గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. పేరు చెప్పను, ఇక్కడ దాని అవసరం లేదు. దాని ప్రహరీకి ఆనుకుని నలభై ఇళ్ళ కాలనీ. నాపరాయి క్వారీల్లో రాళ్ళు తీసినవాళ్ళు, లారీలు నడిపినవాళ్ళు, కాస్తో కూస్తో పొలం ఉన్నవాళ్ళు పాతికేళ్ళ క్రితం కట్టుకున్న ఇళ్ళవి. యూనివర్సిటీ వచ్చింది ఆ తర్వాతే.

నా పని భూగర్భ జలాలు చూడటం. నరసరావుపేటలో చిన్న ఆఫీసు. జియాలజిస్టు అని బోర్డు పెట్టుకున్నా జనం నన్ను నీళ్ళ సారు అనే పిలుస్తారు. ఈ వృత్తిలో మర్యాద ఎంతంటే, బోరులో నీళ్ళు పడితే ఆ ఇంటి దేవుడి మహిమ, పడకపోతే నా చదువు తప్పు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ళు చూపించే పెద్దమనిషికి నాకంటే ముందు కుర్చీ వేస్తారు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ఇప్పుడు పెద్దగా బాధ లేదు.

ఆ ఏడాది యూనివర్సిటీ పక్కనున్న పన్నెండు ఎకరాలు కొని రెండు కొత్త హాస్టళ్ళకు పునాదులు తీసింది. హాస్టళ్ళంటే నీళ్ళు కావాలి. అందుకని కొత్త స్థలంలో లోతుగా ఒక పెద్ద బోరు వేసి, దాన్ని పాత భవనాలకు కూడా వాడటం మొదలుపెట్టింది. మార్చి వచ్చేసరికి కాలనీలో బోర్లు ఒక్కొక్కటే గాలి కక్కసాగాయి. కాలనీవాళ్ళు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. ఇటుకల లారీలను లోపలికి పోనివ్వలేదు. చివరికి అధికారులు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, ఒక పరీక్ష చేయిద్దాం, ఫలితానికి అందరూ కట్టుబడాలి అన్నారు. యూనివర్సిటీ బోరు వల్ల కాలనీ నీళ్ళు తగ్గుతున్నాయని తేలితే ఆ బోరు మూసేయాలి. లేదని తేలితే కాలనీ టెంటు ఎత్తేసి ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. ఆ పరీక్ష చేయడానికి నన్ను పిలిచారు.

దాన్ని పంపింగ్ టెస్ట్ అంటాం. ముందు చుట్టుపక్కల మోటార్లన్నీ ఆపి నీటిమట్టాన్ని కుదురుకోనివ్వాలి. తర్వాత అనుమానమున్న బోరు ఒక్కదాన్నే ఆపకుండా నడిపి, చుట్టూ ఉన్న కొన్ని బోర్లలో మట్టం ఎంత దిగుతోందో గంటగంటకూ కొలవాలి. ఆ కొలిచే బోర్లు అబ్జర్వేషన్ బోర్లు. కొలిచేది ఒక టేపుతో. దాని చివర నీటికి తగలగానే పైన చేతిలో ఉన్న చక్రం కీచుమంటుంది. పని ఇంతే. కానీ ఆ కొన్ని రోజులూ చుట్టుపక్కల ఒక్కరు మోటారు వేసినా లెక్క చెడుతుంది. ఏప్రిల్ ఎండలో, కడుపు మండిపోయి ఉన్న నలభై ఇళ్ళవాళ్ళను మూడు రోజులు మోటార్లు ఆపమని ఎలా అడగాలో నాకు తెలియలేదు.

అడిగింది కోటేశ్వరమ్మగారు. యాభై అయిదేళ్ళుంటాయి. క్వారీలో పనిచేసి చేతులు రాయిలా మారిన మనిషి. ఫిర్యాదు మీద మొదటి సంతకం ఆమెదే, గేటు దగ్గర పెద్ద గొంతూ ఆమెదే. ఆమె ఇల్లు యూనివర్సిటీ గోడకు అందరికంటే దగ్గర. ఆ వేసవిలో ఆమె బోరులోకి రెండుసార్లు పైపులు దించారు. మంచం పట్టిన అత్తగారు, ఇద్దరు మనవరాళ్ళు, నాలుగు గేదెలు ఆ బోరు మీదే బతుకుతున్నారు.

ఆమె ప్లాస్టిక్ బేసిన్ ఒకటి చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. “మాటలొద్దు, మోటారు ఫీజు పీకి ఇందులో వెయ్యండి. మూడో రోజు మీ ఫీజు మీకిస్తా,” అంది. సాయంత్రానికి నలభై ఇళ్ళ ఫ్యూజులూ ఆ బేసిన్‌లో చేరాయి. యూనివర్సిటీవాళ్ళు ట్యాంకర్ పంపుతామంటే వద్దన్నారు. రెండు రోజులకోసారి వచ్చే పంచాయతీ కుళాయి, డ్రమ్ముల్లో పట్టుకున్న నీళ్ళు, వాటితోనే సరిపెట్టుకున్నారు. గేదెలను మాత్రం కాలవకు తోలుకుపోయారు.

నేను నాలుగు దిక్కులా నాలుగు అబ్జర్వేషన్ బోర్లు ఎంచుకున్నాను. ఒకటి కోటేశ్వరమ్మగారిది. కాలనీ ఆ చివర, దాదాపు నాలుగు వందల మీటర్ల దూరంలో ఉన్న పోలయ్యది ఇంకొకటి. పోలయ్య యూనివర్సిటీలో వాచ్‌మన్. ఉద్యోగం పోతుందని టెంటు వైపు రాలేదు, బోర్లు ఎండేది ఎండలవల్లే అంటూ తిరిగాడు. కాలనీలో అతనితో ఎవరికీ మాటల్లేవు.

“ఆడింటి బోరెందుకు సారూ? ఆడు వాళ్ళ మనిషి గదా!” అన్నారు.

“నాకు మనిషితో పనిలేదు, దిక్కుతో పని,” అన్నాను, కాస్త కటువుగానే.

మొదటి రోజు విశ్రాంతి. మట్టాలు కుదురుకున్నాయి. రెండో రోజు ఉదయం ఎనిమిదింటికి యూనివర్సిటీ మోటారు వేయించాను. ప్రతి రీడింగ్ పక్కనా రెండు పక్షాలవాళ్ళూ సంతకం పెట్టాలి. యూనివర్సిటీ తరఫున వచ్చింది ఎస్టేట్ ఆఫీసర్ మూర్తిగారు. భవనాలు, నీళ్ళు, కరెంటు చూసుకునే రిటైరైన ఇంజనీరు. మూడు గంటల పాటు ఎక్కడా మార్పు లేదు. కోటేశ్వరమ్మగారి వాకిట్లో చేరిన జనం ముఖాలు వాడిపోయాయి.

పదకొండున్నర రీడింగ్‌కు ఆమె బోరులోకి టేపు వదిలాను. ఎప్పుడూ కీచుమనే చోట అనలేదు. ఇంకా వదిలాను. ఏకంగా మూడడుగులు దిగాక కీచుమంది. మళ్ళీ తీసి చూశాను. అంతే. పుస్తకంలో అంకె వేశాను. వాకిలి దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డారు. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమే వేసింది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉండి కూడా, మట్టం ఇంత ఒక్కసారిగా ఎందుకు పడిందని ఆ క్షణంలో అడగలేదు.

కోటేశ్వరమ్మగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. పెరటి వైపు తిరిగి నిలబడింది. “అరవమాకండ్రా, కాసేపు నోళ్ళు మూయండి!” అని గదమాయించింది. అందరూ ఊరుకున్నారు.

“వినపడుతుందా సారూ?”

పెరటి గోడ అవతల నుంచి తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు.

“అది మా తమ్ముడి నిమ్మతోట. వాడు గుంటూరు పోయాడు. ఆటో పెట్టి పోయినట్టుండాడు, కరెంటు రాంగానే దానంతటదే ఆడుద్ది. ఈ దిగింది యూనివర్సిటీ మోటారుకి కాదు సారూ, మా వాడి మోటారుకి. ఆ అంకె కొట్టెయ్యండి.”

ఆటో స్టార్టర్ అంటే పొలాల మోటారుకు పెట్టే చిన్న పెట్టె. త్రీఫేజ్ కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు లేస్తుంది. పల్నాడులో అది లేని పొలం తక్కువ. ముందు రోజు లైను పని జరుగుతూ పొలాల కరెంటే రాలేదు కనుక ఆ సంగతి బయటపడలేదు. నేను ఇళ్ళ బోర్లు లెక్కపెట్టుకున్నాను గానీ, ఇళ్ళ వెనకున్న తోటను మరిచాను. తప్పు పూర్తిగా నాది. ఆమె చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. మూర్తిగారికీ తెలిసేది కాదు. ఆ చప్పుడును ఏళ్ళ తరబడి రోజూ విన్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ అంకె మీద గీత కొట్టాను. గెలుపు ఆమె వాకిట్లోకే వచ్చి కూర్చుంది, నా పుస్తకంలో ఎక్కింది కూడా. దాన్ని తన నోటితో తానే వెళ్ళగొట్టింది.

పరీక్ష మళ్ళీ మొదటికొచ్చింది. తోట మోటారు ఆపాలి, మట్టాలు కుదురుకోవడానికి ఇంకో రోజు ఆగాలి, తర్వాత రెండు రోజులు పంపింగ్. ఫ్యూజులు ఇంకా బేసిన్‌లోనే ఉంటాయని తెలిసేసరికి జనం కోపమంతా ఆమె మీదికి మళ్ళింది.

పక్కింటావిడ దులిపేసింది. “ఏమే కోటమ్మా, ఊరుకుంటే పోయేదిగా! సారు రాసేసుకున్నాడుగా! నీ నోరు ఊరుకోదేందే?”

“నా నోరు ఊరుకోదనే గదే, గేటు కాడ మీరంతా నన్ను ముందుకి నెట్టింది!”

ఒకరిద్దరు నవ్వారు. చాలామంది నవ్వలేదు. అయినా ఒక్క ఇంటివాళ్ళు కూడా వచ్చి ఫ్యూజు వెనక్కి అడగలేదు. వాళ్ళ మీద కూడా నాకు ఆ రోజు ఎనలేని గౌరవం కలిగింది.

రెండోసారి యూనివర్సిటీ మోటారు వేసిన నాలుగు గంటలకు పోలయ్య బోరులో టేపు ఒక వేలు కిందికి దిగాక కీచుమంది. నా చెయ్యి వణికిందేమో అనుకున్నాను. మరో గంటకు రెండు వేళ్ళు. సాయంత్రానికి జానెడు. మర్నాటికి మూరెడు దాటింది. మట్టం ఇలా దిగడాన్ని డ్రాడౌన్ అంటాం. ఈసారి అది ఉన్నట్టుండి పడలేదు, నిచ్చెన దిగే ముసలావిడలా ఒక్కో మెట్టే దిగింది. మోటారు ఆపించాక అంతే నెమ్మదిగా పైకి వచ్చింది. ఇక సందేహం లేదు. మా వైపు నాపరాయి పొరల మధ్య చీలికలుంటాయి. అలాంటిది ఒకటి యూనివర్సిటీ బోరు దగ్గర మొదలై, దగ్గరున్న ఇళ్ళను ముట్టుకోకుండా, నాలుగు వందల మీటర్ల అవతల పోలయ్య వాళ్ళ వరస కిందికి పోయింది. ఎవరి కంటికీ ఆనని ఆ దారిలో నీళ్ళు కదలడం నా చేతిలోని టేపుకు తెలుస్తోంది. పుస్తకాల్లో చదివాను, పాఠాలు చెప్పాను. నా చేత్తో ఇంత స్పష్టంగా పట్టుకోవడం అదే మొదలు. కాసేపు టేపు వదలబుద్ధి కాలేదు.

పోలయ్య బోరు వంకా, నా వంకా చూశాడు. “అయితే ఇన్నాళ్ళూ నా నీళ్ళు లాగింది నాకు జీతమిచ్చేవాళ్ళేనా సారూ?” అన్నాడు. పాపం, నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

ఆ రెండు రోజుల్లో కోటేశ్వరమ్మగారి బోరు వెంట్రుకవాసి కదలలేదు. ప్రతి గంటా ఆమె వచ్చి, మార్పు లేదు అని రాసిన చోట గుండ్రటి అక్షరాలతో సంతకం చేసి వెళ్ళేది. సంతకం చేసిన ప్రతిసారీ తన ఫిర్యాదును తానే కొట్టేసుకుంటోందని ఆమెకు తెలుసు. ఆమె నీళ్ళు లాగుతున్నది ప్రహరీ అవతలి యూనివర్సిటీ కాదు, పెరటి గోడ అవతలి తోడబుట్టినవాడు.

ఆఖరి సంతకం అయ్యాక ఉండబట్టలేక అడిగాను. “అమ్మా, ఆ రోజు మీరు ఊరుకుని ఉంటే మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. ఎందుకు చెప్పారు?”

ఆమె నన్ను వింతగా చూసింది. “గేటు కాడ గొంతు చించుకుంది నేనే గదా సారూ. ఇయ్యాల అబద్ధం రాయించుకుంటే రేపు నేను నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు? వాళ్ళు తప్పు చేస్తుండారనే గదా మేం టెంటేసుకుంది.”

వారం తర్వాత యూనివర్సిటీ మీటింగ్ హాల్లో అధికారుల ముందు రిపోర్టు చదివాను. పోలయ్య వరసలోని పద్నాలుగు ఇళ్ళ నీళ్ళు యూనివర్సిటీ బోరు వల్లే తగ్గుతున్నాయి. కోటేశ్వరమ్మగారి బోరు తగ్గడానికి ఆ బోరు కారణం కాదు. మూర్తిగారు ఒక్క మాట కూడా కాదనలేదు. బోరు మూసేస్తామనీ, కొన్న స్థలంలో ఉన్న పాత క్వారీ గుంతను వాననీటికి వాడుకుంటామనీ, అది నిండేదాకా కాలవ నీళ్ళు తెచ్చుకుంటామనీ, హాస్టళ్ళలో ప్రస్తుతానికి ఒకటే కడతామనీ రాసిచ్చారు.

ఆ తర్వాత ఆయన లేచి ఆమె వైపు తిరిగారు. “అమ్మా, దాచడం ఎందుకు? ఆ పదకొండున్నర రీడింగ్ అలాగే ఉండి ఉంటే, అది తోట మోటారు వల్లేనని మా వాళ్ళు ఇంకో నిపుణుణ్ణి పెట్టి నిరూపించేవాళ్ళు. ఆ ఒక్క తప్పు చూపించి రిపోర్టు మొత్తం కొట్టేయించేవాళ్ళు. ఆ పద్నాలుగు ఇళ్ళకూ న్యాయం జరిగేది కాదు,” అన్నారు. “మీ ఇంటికి మా లైను నుంచి ఒక పైపు వేయిస్తాం. కాదనకండి.”

హాలంతా ఆమె వైపు చూసింది.

“మీరివ్వాల్సింది పోలయ్యోళ్ళ వరసకి. అది ఇస్తుండారు, చానా సంతోషం. మా ఇంటి నీళ్ళ సంగతి నేనూ మా తమ్ముడూ చూసుకుంటాం. మధ్యలో మీరు రామాకండి,” అంది.

గొడవలన్నీ ఆ రోజుతో తీరిపోయాయని చెప్పను. కాలేజీ బస్సుల గురించి, రోడ్డు గురించి అక్కడ ఇప్పటికీ తగవులున్నాయి. కానీ నీళ్ళ విషయంలో రెండు పక్షాలూ ఆ రిపోర్టునే తీసి చూసుకుంటున్నాయి.

ఈ కేసు నాకు నేర్పినవి రెండు. ఒకటి పనికి సంబంధించింది. ఇప్పుడు ఏ ఊళ్ళో టేపు తీయబోయినా ముందు ఆ ఇంటి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, ఏ మోటారు ఎప్పుడు ఆడుతుందో, ఏ చప్పుడు ఎటు నుంచి వస్తుందో అడిగి రాసుకుంటాను. రెండోది పనికి మించింది. టేపు ఆ రోజు అబద్ధం చెప్పలేదు, నీళ్ళు నిజంగానే మూడడుగులు దిగాయి. అవి ఎందుకు దిగాయో చెప్పడానికి మాత్రం, చెబితే తానే నష్టపోయే మనిషి నోరు తెరవాల్సి వచ్చింది.

మీటింగ్ అయ్యాక బయటికి వచ్చేసరికి గేటు దగ్గర కోటేశ్వరమ్మగారి తమ్ముడు బండి మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రాలేదు. ముఖం ముడుచుకునే ఉన్నాడు. అక్క వచ్చి వెనక కూర్చుంది. బండి కాలనీ వైపు మలుపు తిరుగుతుండగా, ఆమె కిందికి జారకుండా అతను ఒక చెయ్యి వెనక్కి పెట్టి పట్టుకోవడం చూశాను.