బీష్యా ఫోన్‌లోని ఫొటోలు

జియాయి ఊళ్ళో కున్‌షాన్ చాలా ఏళ్ళు స్కూటర్లు బాగుచేశాడు. చేతికొచ్చిన పని ఎప్పుడు వదిలించుకుందామా అని చూసే మనిషి. కొట్టు మూసేసినా ఆ తొందర మాత్రం పోలేదు.

ఫోన్ నిండిపోయిందనీ, కొత్త ఫొటో ఒక్కటీ ఎక్కడం లేదనీ భార్య బీష్యా గొణుగుతూంటే, ఒక సాయంత్రం దాన్ని ఇంట్లో కంప్యూటర్‌కి కేబుల్‌తో కలిపాడు. ఫొటోలు ఒక్కొక్కటే అందులోకి వెళ్తూండగా వీధి మలుపులో చెత్తబండి పాట మొదలైంది. ఆ బండి ఎవరికోసమూ ఆగదు. చెత్త సంచులు పట్టుకుని పరుగెత్తబోతే కేబుల్ కాలికి తగిలి ఊడింది. తిరిగొచ్చి చూస్తే తెర మీద ఏమీ కదలడం లేదు. అన్నీ వెళ్ళిపోయి ఉంటాయనుకుని ఫోన్‌లోవి తుడిచేశాడు. తుడిచినవి చేరే ఫోన్‌లోని చెత్తబుట్టనూ ఖాళీ చేశాడు.

ఆ తర్వాత కంప్యూటర్ తెరిచాడు. అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు దగ్గర ఫొటోలు ఆగిపోయి ఉన్నాయి. చివరి ఫొటోలో బల్ల మీద, పుట్టినరోజుకి వండే పంది కాళ్ళ నూడుల్స్ గిన్నె ఉంది. తిన్న మనిషి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ఆ వేడుక జరిగిన కొన్నాళ్ళకే ఆవిడ పోయింది.

"అమ్మ ఫొటోలేవయ్యా?" అంది బీష్యా మర్నాడు.

"మొన్న చేపల కొట్టు దగ్గర ఫోన్ నీళ్ళలో పడేశావుగా. అప్పుడే పోయుంటాయి."

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. కేకలేస్తుందనుకున్నాడు. ఆమె ఫోన్‌ని చొక్కా అంచుతో తుడుస్తూ, "నా చేతులు విరగ" అని ఊరుకుంది. ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. రోజూ పొద్దున్నే చెప్పేద్దామనుకునేవాడు. ఆమె మొహం చూడగానే వేరే మాటేదో ఎత్తేవాడు.

పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజున బీష్యా తమ్ముడు మింగ్‌చే వచ్చాడు. గడ్డి పీకి, అగరొత్తులు వెలిగించి, అందరూ తినడానికి నీడలో కూర్చున్నారు.

"పుట్టినరోజు ఫొటో పెద్దది చేయించి ఇస్తానన్నావు, ఏదక్కా?"

"నేనే పాడుచేశానురా. ఫోన్ నీళ్ళలో పడేశాను. ఏమీ అనుకోకు."

"చిన్నప్పుడు గిన్నెలన్నీ పగలగొట్టేదానివి. చివరికి అమ్మని కూడా జారవిడిచావన్నమాట."

మింగ్‌చే ఆటపట్టించడానికే అన్నాడు. బీష్యా తలెత్తలేదు. కున్‌షాన్ తింటున్నది పక్కన పెట్టేశాడు.

"అక్కనేం అనకు. పోగొట్టింది నేను. నీళ్ళ వల్ల పోయాయన్నది కూడా నేను కల్పించిందే" అని జరిగిందంతా చెప్పాడు.

మింగ్‌చే బావ వైపు తిరిగాడు. "ఫొటోలు పోతే పోయాయి బావా. చెయ్యని తప్పుకి అక్క నా ముందు తల దించుకుంటే చూస్తూ కూర్చున్నావు."

"ఇన్నాళ్ళూ నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. ఒక్కరోజైనా నీ నోరు పెగల్లేదా?" అంది బీష్యా.

"పెగల్లేదు."

ఇంటికొచ్చేప్పుడు స్కూటర్ మీద ఆమె అతని నడుం పట్టుకోలేదు. వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంది.

కొన్నాళ్ళకి మింగ్‌చే తన ఫోన్‌లో దొరికిన ఒకే ఒక్క పుట్టినరోజు ఫొటోని బీష్యా ఫోన్‌కి పంపాడు. అమ్మ నూడుల్స్ నములుతోంది, కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కున్‌షాన్ కేబుల్ అందుకోబోయాడు.

"నువ్వు జరుగు. ఎలాగో చెప్పు చాలు" అని బీష్యా కుర్చీలో కూర్చుంది.

అతను పక్కన నిలబడి మెల్లగా చెప్పాడు. ఫొటో కంప్యూటర్‌లోకి వచ్చాక ఆమె తెరిచి చూసుకుంది, మూసి మళ్ళీ తెరిచింది. ఫోన్‌లోది మాత్రం తుడవలేదు. తుడవమని అతనూ అనలేదు.